ఏడుగురు కుర్రవాళ్లు, ఒక చిన్న కవిత

ఈ నెల మా పాఠకులతో కలిసి ఒక చిన్న కవితను చదవదలచాము. చిన్నదంటే నిజంగానే చిన్నది. ఎనిమిది పంక్తులు, 24 మాటలు. ప్రతి మాటా ఒక్క దెబ్బతో పలికే పొట్టి ఇంగ్లీషు మాట. కవిత పేరు ‘వీ రియల్ కూల్’. రచించినది అమెరికాకు చెందిన నల్లజాతి కవయిత్రి గ్వెండొలిన్ బ్రూక్స్. ఇది 1959లో ‘పొయెట్రీ’ అనే పత్రికలో అచ్చయింది. మరుసటి సంవత్సరం ‘ది బీన్ ఈటర్స్’ అనే సంపుటిలో చేరింది.

బడి మానేసిన ఏడుగురు కుర్రవాళ్లు ఇందులో మాట్లాడతారు. తమను గురించి తామే గొప్పగా చెప్పుకుంటారు. మొదటిసారి చదివిన పెద్దలకు సాధారణంగా చిరాకు కలుగుతుంది. రెండోసారి చదివితే చిరాకు తగ్గి భయం మొదలవుతుంది. మూడోసారికి ఒక ప్రశ్న మిగులుతుంది. ఎదిగే మగపిల్లలున్న ప్రతి ఇంటికీ ఆ ప్రశ్నతో పని ఉంది. ఎక్కడో చికాగో నగరంలో పుట్టిన ఈ కవితను ముస్లిం కుటుంబాల పత్రికలోకి తీసుకురావడానికి మా కారణం అదే.

కవయిత్రి, ఆమె వీధి

గ్వెండొలిన్ బ్రూక్స్ 1917 జూన్ 7న కాన్సాస్ రాష్ట్రంలోని టొపీకా పట్టణంలో జన్మించారు. ఆమె ఇంకా కొద్ది వారాల పసికందుగా ఉన్నప్పుడే కుటుంబం చికాగో చేరింది. ఆ నగరపు దక్షిణ భాగంలో, నల్లవారు నివసించే పేటల్లో ఆమె పెరిగారు. తండ్రి వైద్యుడు కావాలని ఆశపడి, చివరకు ఊడ్చి శుభ్రపరచే కొలువుతో ఇల్లు నడిపిన మనిషి. తల్లి ఉపాధ్యాయినిగా పనిచేసినవారు. 1950లో ‘ఆనీ అలెన్’ అనే సంపుటికి బ్రూక్స్ పులిట్జర్ బహుమతి అందుకున్నారు. ఆ బహుమతి పొందిన తొలి నల్లజాతి రచయిత ఆమెయే. 1968 నుంచి 2000లో కన్నుమూసేదాకా ఇల్లినాయ్ రాష్ట్రానికి ఆస్థాన కవయిత్రిగా ఉన్నారు.

ఆ కాలపు చికాగోలో నల్లవారు కోరిన చోట ఇల్లు కొనుక్కోగలిగేవారు కారు. తెల్లవారి పేటల్లో ఇళ్లు నల్లవారికి అమ్మరాదని దస్తావేజుల్లోనే షరతులు రాసుకునేవారు. అటువంటి షరతులను న్యాయస్థానాలు అమలు చేయరాదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా వీధుల మధ్య గీతలు వెంటనే చెరిగిపోలేదు. నల్లవారి పేటల్లోని బడులు కిక్కిరిసి ఉండేవి. ఈ వివక్షను సహించలేక 1963 అక్టోబరు 22న చికాగోలో రెండు లక్షల మందికి పైగా పిల్లలు ఒక్కరోజు బడి బహిష్కరించారు.

ఈ నేపథ్యం మరచి కవితను చదివితే అది కేవలం చెడిపోయిన పిల్లల కథగా కనిపిస్తుంది. బడి వదిలేశామని ఆ కుర్రవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. అయితే బడి వాళ్లను ఎప్పుడో వదిలేసి ఉండవచ్చు. ఈ రెండు విషయాలనూ కలిపి చూడగలిగినప్పుడే కవిత మనకు తెరుచుకుంటుంది.

మార్చుకున్న ప్రశ్న

ఈ కవిత ఎలా పుట్టిందో బ్రూక్స్ తన పఠన సభల్లోనూ ముఖాముఖీల్లోనూ చెబుతుండేవారు. ఒకనాడు తమ పేటలోని ఒక పూల్ ఆటశాల పక్కగా ఆమె నడిచి వెళుతున్నారు. పూల్ అంటే బల్ల మీది బంతులను పొడవాటి కర్రతో కొట్టి గుంటల్లో పడవేసే ఆట. మన పట్టణాల్లోని స్నూకర్ పార్లర్ల వంటి చోటు అది. బడి నడిచే వేళ. లోపల కొందరు కుర్రవాళ్లు ఆడుకుంటున్నారు.

ఇటువంటి దృశ్యం చూడగానే పెద్దవారి నోటికి వచ్చే ప్రశ్న ఒకటే: వీళ్లు బడికి ఎందుకు పోలేదు? బ్రూక్స్ ఆ ప్రశ్నను పక్కనపెట్టి, మరొకటి వేసుకున్నానని చెప్పారు. తమను గురించి తాము ఈ పిల్లలు ఏమనుకుంటున్నారు? ఆ రెండో ప్రశ్నకు ఆమె మనసు ఇచ్చుకున్న సమాధానమే ఈ కవిత.

మొదటి ప్రశ్న తప్పు ప్రశ్న కాదు. బడికి పోవలసిన పిల్లవాడు ఎందుకు పోలేదని ఎవరో ఒకరు అడగవలసిందే. కానీ ఆ ప్రశ్న అడిగే గొంతులో జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. వాడు సోమరి, వాడు దుష్టుడు, వాడి స్నేహాలు చెడ్డవి. ఈ తీర్పులను పిల్లవాడు మన పెదవులు కదలకముందే చదివేస్తాడు. ఇక నోరు విప్పడు. రెండో ప్రశ్నలో తీర్పు లేదు. దానికి జవాబు కావాలంటే అడిగినవారు కాసేపు ఆగి వినక తప్పదు.

కవితలో ఉన్నదేమిటి

శీర్షిక కింద బ్రూక్స్ ఒక చిన్న సమాచారం ఇచ్చారు. మాట్లాడుతున్నవాళ్లు పూల్ ఆటగాళ్లు, సంఖ్య ఏడు, చోటు పేరు ‘గోల్డెన్ షవల్’, అంటే బంగారు పార. ఆ పేరును గమనించండి. బంగారం యవ్వనపు మెరుపు. పార ఖబరు తవ్వే పనిముట్టు. ఈ రెండూ ఒకే నామఫలకం మీద ఉన్నాయి. వాళ్లు ఆ ఫలకం కిందుగా రోజూ లోపలికి నడిచిపోతున్నారు.

తరువాత ఎనిమిది చిన్న వాక్యాలు. ఒక్కొక్కదానిలో మూడేసి మాటలు. బడి సంగతి, రాత్రి తిరుగుళ్ల సంగతి, దెబ్బ కొట్టే నేర్పు, మద్యం, సంగీతం – ఇవీ వాళ్లు ఏకరువు పెట్టే ఘనకార్యాలు. ఆ దెబ్బ పూల్ బంతి మీదనా, మరో మనిషి మీదనా అన్నది కవయిత్రి తేల్చి చెప్పలేదు. ఈ ఏకరువులో ఒకచోట ‘పాపం’ అనే మాటను వాళ్లే వాడతారు. ఇది చాలామంది దాటిపోయే చోటు. పాపాన్ని పాపమని పిలవగలిగినవాడికి ఆ మాట ఎవరో నేర్పి ఉండాలి. ఏ తల్లో, ఏ అమ్మమ్మో, ఏ ప్రార్థనామందిరమో ఆ అక్షరాన్ని వాడి చెవిలో వేసింది. అంతరాత్మ పూర్తిగా చచ్చినవాడు తన పనికి ఆ పేరు పెట్టుకోడు. ఆ కుర్రవాడు గీతను చూస్తూనే దాటుతున్నాడు. గీత ఇంకా కనిపిస్తోందంటే తిరిగివచ్చే దారి కూడా ఉన్నట్లే.

సంగీతం ప్రస్తావించే వాక్యంలో ‘జాజ్’ అనే మాట ఉంది. ఆ ఒక్క మాటకు కొందరు అసభ్యమైన అర్థం తీసి, అక్కడక్కడా ఈ కవితను నిషేధించారని బ్రూక్స్ చెప్పారు. తన మనసులో ఉన్నది సంగీతమేనని ఆమె వివరించవలసి వచ్చింది. ఎంత విచిత్రం! ఏడుగురు పిల్లలు చావు వైపు నడుస్తున్నామని చెబుతుంటే, పెద్దలు వాళ్ల భాషలో ఒక మాట బాగాలేదని కోప్పడ్డారు. పిల్లవాడి జుట్టు కత్తిరింపు మీద గంటసేపు వాదించి, వాడి కళ్ల కింది నలుపును చూడకుండా లేచిపోయే పెద్దలు మన దగ్గరా ఉన్నారు.

‘మేము’ అన్న మాట

ఈ కవితలో అతి ముఖ్యమైన మాట అతి చిన్నది: ‘వీ’. ఎనిమిది వాక్యాలూ ఆ మాటతోనే మొదలవుతాయి. కానీ బ్రూక్స్ దానిని పంక్తి మొదట కాక పంక్తి చివరకు తెచ్చి నిలబెట్టారు. మొదటి ఏడు పంక్తులూ ఆ మాటతో ఆగుతాయి. కుర్రవాళ్లు ఏడుగురు, పంక్తి చివర ‘వీ’లు ఏడు. చదివేవారు ప్రతిసారీ అక్కడ క్షణం ఆగవలసి వస్తుంది. బ్రూక్స్ స్వయంగా చదివేటప్పుడు ఆ మాటను గట్టిగా కాక మెల్లగా, దాదాపు ఊపిరిలో కలిపి పలికేవారు. తాము ఉన్నామని లోకానికి చెప్పుకోవాలని ఆ పిల్లల తాపత్రయమనీ, అయితే తమ ఉనికి బలం మీద వాళ్లకే నమ్మకం చాలదనీ ఆమె వివరించారు.

ఇక్కడ తెలుగు పాఠకులకు ఇంగ్లీషు పాఠకులకు లేని ఒక సౌకర్యం ఉంది. ఇంగ్లీషులో ‘వీ’ ఒక్కటే. ఎదుటివారిని కలుపుకున్నా అదే, వేరుచేసినా అదే. మనలో చాలా ఇళ్లలో పలికే ఉర్దూలోని ‘హమ్’ కూడా అంతే. తెలుగు ఆ రెండింటినీ విడదీస్తుంది. ‘మేము’ అంటే మీరు కాదు, మేమే. ‘మనం’ అంటే మీరూ మేమూ కలిసి. ఈ కవితను తెలుగులోకి తేవాలని కూర్చున్నవారికి మొదటి మాట దగ్గరే కలం ఆగిపోతుంది. ఏది ఎంచుకోవాలి?

సందేహం లేదు, ఆ కుర్రవాళ్లు అనేది ‘మేము’. అది తలుపు మూసే మాట. ఉపాధ్యాయుడు బయట, తండ్రి బయట, తల్లి బయట. లోపల ఏడుగురే. ఆ మాట ఎంత గట్టిగా వినిపించినా దాని వెనుక ఒక లోటు ఉంది. ‘మనం’ అని చెప్పుకోగలిగిన చోటు వాళ్లకు వేరే ఎక్కడా దొరకలేదు. బడిలో దొరకలేదు, బజారులో దొరకలేదు, బహుశా ఇంట్లో కూడా దొరకలేదు. ఒంటరిగా ‘నేను’ అనడానికి ధైర్యం చాలక, ఏడుగురూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని ‘మేము’ అంటున్నారు. తిరుగుబాటులా వినిపించే ఈ మాటలో సగం బెదురే ఉందని మా అవగాహన.

చివరి పంక్తి

ఏడు పంక్తుల చివర నిలిచిన ఆ మాట ఎనిమిదో పంక్తి చివర లేదు. అక్కడ ఉన్నవి రెండే మాటలు. త్వరలోనే చనిపోతామని వాళ్లు చెబుతారు, కవిత ఆగిపోతుంది. ‘మేము’ అనడానికి ఎవరూ మిగలలేదు.

ఈ ముగింపును రెండు విధాలుగా చదవవచ్చు. మొదటిది మనకు తేలికగా తోచేది. మద్యం, రాత్రులు, తగాదాలు మనిషిని తొందరగా ఖబరు దాకా తీసుకుపోతాయి. ఇది నిజమే. దివ్య ఖుర్ఆన్ మద్యాన్నీ జూదాన్నీ ఒకేచోట చేర్చి, షైతాను పనులుగా పేర్కొని, దూరంగా ఉండమని ఆదేశించింది (5:90). ఆ తరువాతి వాక్యం వాటి వల్ల మనుషుల మధ్య పుట్టే వైరాన్నీ, నమాజుకు కలిగే ఆటంకాన్నీ గుర్తుచేస్తుంది. ఏడుగురి జీవితం ఆ హెచ్చరికకు ఉదాహరణగా కనిపిస్తుంది.

రెండోది కాస్త కష్టమైనది. చికాగోకు చెందిన ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి బాలుడు 1955 ఆగస్టులో మిసిసిపీ రాష్ట్రంలోని బంధువుల ఇంటికి వెళ్లి, అక్కడ శ్వేతజాతి దురహంకారుల చేతిలో దారుణంగా హత్యకు గురయ్యాడు. నిందితులను విచారించిన జ్యూరీలో అందరూ తెల్లవారే. వారు నిర్దోషులని తీర్పు వెలువడింది. ఆ ఘటనపై బ్రూక్స్ రాసిన కవితలు కూడా ‘ది బీన్ ఈటర్స్’ సంపుటిలోనే ఉన్నాయి. అందుచేత ‘త్వరలో’ అన్న మాటకు కారణం కుర్రవాళ్ల తప్పులు మాత్రమే కాదు. తమ వంటి పిల్లల ఆయుష్షుకు ఆ దేశంలో విలువ తక్కువన్న సంగతి వాళ్లకు తెలుసు. రేపు అనేది తమది కాదనుకున్నవాడు ఈ రాత్రినే మొత్తం జీవితంగా గడిపేస్తాడు.

కవయిత్రి ఈ రెండు చదువుల్లో దేనినీ తోసిపుచ్చలేదు. వాళ్లను నిందించలేదు, వెనకేసుకురాలేదు. వాళ్ల నోటనే వాళ్ల కథను పలికించి ఊరుకున్నారు. తీర్పు చెప్పే తొందర లేకపోవడం వల్లనే చివరి రెండు మాటలు అంత బరువుగా వినిపిస్తాయి.

యూసుఫ్ సోదరుల ‘మేము’

ఒక గుంపుగా చేరి ‘మేము’ అని గర్వించిన కుర్రవాళ్లు మనకు కొత్త కాదు. దివ్య ఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరాను గుర్తుచేసుకోండి. తండ్రి హజ్రత్ యాఖూబ్ (అలై) తమకంటె యూసుఫ్‌నూ అతని తమ్ముడినీ ఎక్కువగా ప్రేమిస్తున్నారని అన్నలు అసూయపడ్డారు. ఆ సందర్భంలో తాము బలమైన ఒక జట్టు అని వాళ్లు చెప్పుకున్నారు (12:8). తమ్ముడిని వెంట తీసుకుపోవడానికి తండ్రిని ఒప్పించేటప్పుడు కూడా అదే మాట మళ్లీ అన్నారు (12:14). ఆ ‘మేము’ బావి దగ్గరకు దారితీసింది.

ఆ గర్వం అడుగున ఉన్నది ఏమిటి? తండ్రి ప్రేమలో తమకు చోటు లేదన్న బాధ. ఆ బాధ వాళ్ల నేరాన్ని ఏమాత్రం తగ్గించదు. ఖుర్ఆన్ వాళ్ల తప్పును దాచలేదు. కానీ వాళ్ల మనసులో ఏముందో కూడా మనకు వినిపించింది. తమను గురించి తాము వాళ్లు ఏమనుకున్నారో మనకు తెలిసింది.

సూరా చివరకు వచ్చేసరికి అదే అన్నలు తండ్రి ముందు నిలబడి, తమ పాపాలకు క్షమాపణ వేడమని అడుగుతారు (12:97). హజ్రత్ యాఖూబ్ (అలై) వాళ్లను వెళ్లగొట్టలేదు. వాళ్ల కోసం తన ప్రభువును వేడుకుంటానని మాట ఇచ్చారు. ఎన్నో ఏళ్లు గడిచినా ఆ తండ్రి తలుపు మూసుకోలేదు గనుకనే, దూరమైన ‘మేము’ మళ్లీ ఇంటికి రాగలిగింది.

వెక్కిరించిన గొంతు

దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) జీవితంలో ఈ కవితకు ఎంతో దగ్గరగా నిలిచే ఒక సంఘటన ఉంది. హునైన్ నుంచి తిరిగివస్తున్న దారిలో దైవప్రవక్త (సఅసం) మజిలీ చేశారు. ముఅజ్జిన్ అజాన్ పలికాడు. సమీపంలో ఉన్న కొందరు మక్కా కుర్రవాళ్లు ఆ పిలుపును అనుకరిస్తూ వెక్కిరించారు. వాళ్లలో అబూ మహ్జూరా ఒకరు. ఆ ఉదంతాన్ని తరువాతి కాలంలో ఆయనే స్వయంగా చెప్పారు. నసాయీ, ఇబ్నె మాజా హదీసు గ్రంథాల్లో అది నమోదై ఉంది.

దైవప్రవక్త (సఅసం) వాళ్లను పిలిపించారు. బిగ్గరగా వినిపించిన ఆ గొంతు ఎవరిదని అడిగారు. స్నేహితులందరూ అబూ మహ్జూరా వైపు వేలు చూపారు. అంతదాకా కలిసికట్టుగా నవ్విన ‘మేము’ ఆ ఒక్క క్షణంలో విడిపోయింది. మిగిలినవారిని పంపివేసి అతడిని మాత్రం ఉండమన్నారు. శిక్ష తప్పదనే ఎవరైనా అనుకుంటారు. ఆ సమయంలో తనకు దైవప్రవక్త (సఅసం) కంటె అయిష్టమైన వ్యక్తి లేరని అబూ మహ్జూరా దాచకుండా చెప్పారు.

జరిగింది మరొకటి. నిలబడి అజాన్ పలకమని దైవప్రవక్త (సఅసం) ఆదేశించి, ఒక్కొక్క మాటా తామే చెప్పి పలికించారు. వెక్కిరింతకు వాడిన గొంతే ఇప్పుడు పిలుపు నేర్చుకుంది. తరువాత కొంత వెండి ఉన్న సంచిని చేతికిచ్చారు. అతని నుదుటి మీద చేయి ఉంచి, ముఖం మీదుగా గుండె వరకు నిమిరి, శుభం కలగాలని దీవించారు. తనలోని ద్వేషమంతా ప్రేమగా మారిపోయిందని అబూ మహ్జూరా చెప్పారు. మక్కాలో అజాన్ పలికే బాధ్యత తనకే ఇమ్మని ఆయనే కోరారు. ఆ కోరిక నెరవేరింది.

ఇందులో మనం గమనించవలసినవి మూడు. దైవప్రవక్త (సఅసం) ఆ తప్పును చూడనట్లు నటించలేదు, పిలిపించారు. పదిమందిలో నిలబెట్టి అవమానించలేదు, మిగిలినవారిని పంపివేసి మాట్లాడారు. అన్నిటికంటె ముఖ్యంగా, ఆ పిల్లవాడి దుడుకుతనంలో దాగిన ఒక మంచి గుణాన్ని గుర్తించి, దానికి పని కల్పించారు. ‘గోల్డెన్ షవల్’లోని ఏడుగురిలో గురి తప్పని చేయి ఒకరిది, పాట తెలిసిన గొంతు ఒకరిది. వాటికి పని చెప్పినవారు లేరు.

హజ్రత్ అనస్ (రజి) బాల్యంలోనే దైవప్రవక్త (సఅసం) సేవలో చేరి పది సంవత్సరాలు గడిపారు. అంతకాలంలో చేసిన పనికి ఎందుకు చేశావనిగాని, చేయని పనికి ఎందుకు చేయలేదనిగాని తనను ఆయన ఎన్నడూ నిలదీయలేదని చెప్పారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని ఈ మాట మనకు బాగా పరిచితమే. బ్రూక్స్ పక్కనపెట్టిన ‘ఎందుకు’ను ఒకసారి దీని పక్కన ఉంచి చూడండి.

మన ఇళ్లలో

ఇప్పుడు మన వీధుల్లోకి వద్దాం. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం, మన దేశంలో 6–14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది అసలు బడికి పోనివారు, లేదా మధ్యలో మానేసినవారు. అందువల్ల బడి వదిలిన కుర్రవాడు మనకు కవితలోని పాత్ర కాదు. మెకానిక్ షెడ్డులో, పంక్చర్ దుకాణంలో, వెల్డింగ్ షాపులో పగలంతా పనిచేసి, రాత్రి చాయ్ హోటల్ ముందు నలుగురితో నిలబడే పిల్లవాడు మన బంధువే, మన పొరుగువాడే. చదువు మానకపోయినా గది తలుపు వేసుకుని, ఫోన్‌లో ముఖం తెలియని జట్టుతో రాత్రి రెండింటిదాకా ఆడే పిల్లవాడూ మనవాడే. రమజాన్ రాత్రుల్లో తరావీహ్ ముగియకముందే జారుకుని మోటారు సైకిళ్లు పరుగెత్తించే పిల్లలూ మనవాళ్లే. వాళ్లందరికీ ఒక ‘మేము’ ఉంది. ఆ ‘మేము’లో తల్లిదండ్రులు ఉన్నారా అన్నదే మనల్ని ఈ కవిత అడుగుతున్న ప్రశ్న.

మసీదులో ఏం జరుగుతోందో కూడా చూడాలి. ఫాతిహా సూరాలో దాసుడు ఒంటరిగా నమాజు చేస్తున్నా ‘నేను’ అనడు. ఆరాధించేది, సహాయం కోరేది, రుజుమార్గం అడిగేది అంతా బహువచనంలోనే. అల్లాహ్ సన్నిధిలో అది ‘మేము’. పక్కన నిలిచినవారి వైపు తిరిగితే అదే ‘మనం’. రోజుకు ఐదుసార్లు ఈ పాఠం మన నాలుక మీద నడుస్తుంది. అయితే బిగుతు ప్యాంటుతో వచ్చిన కుర్రవాడిని గుమ్మంలోనే గద్దించి, వెనుక వరుసలోకి నెట్టినప్పుడు అతనికి ఏ పాఠం అందుతుంది? ఆ వరుసలోని ‘మనం’లో తనకు చోటు లేదని అతను నేర్చుకుంటాడు. చోటున్న జట్టు వీధి మలుపులో ఎదురుచూస్తూనే ఉంటుంది.

దీనర్థం పిల్లలు ఏం చేసినా ఊరుకోవాలని కాదు. హరామ్‌ను హరామ్ అని చెప్పవలసిందే. ఇంటికి ఒక వేళ, డబ్బుకు ఒక లెక్క ఉండవలసిందే. కానీ చెప్పే పిలుపు ఎలా ఉండాలో ఖుర్ఆన్ నేర్పింది. ‘యా బునయ్య’ అనే సంబోధన దివ్య గ్రంథంలో ఆరుచోట్ల వస్తుంది. కన్న కొడుకును ముద్దుగా, దగ్గరగా పిలిచే మాట అది. మన తెలుగులో ‘నా చిట్టి తండ్రీ’ అన్నట్లు. హజ్రత్ లుఖ్మాన్ తన కుమారుడికి షిర్కు గురించి, నమాజు గురించి, అహంకారం గురించి గట్టి మాటలే చెప్పారు. ఆ ఉపదేశంలో మూడుసార్లు ఈ పిలుపు ఉంది (31:13–17). హజ్రత్ యాఖూబ్ (అలై) యూసుఫ్‌ను, హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) తన కుమారుడిని ఇలాగే పిలిచారు.

ఆరో పిలుపు హజ్రత్ నూహ్ (అలై) గారిది. కొండల వంటి అలలు లేస్తుండగా, సత్యాన్ని నిరాకరించి దూరంగా నిలబడిన కొడుకును ఆయన అదే ముద్దుమాటతో పిలిచారు, తమతో కలిసి నావ ఎక్కమన్నారు (11:42). ఆ కొడుకు రాలేదు, మునిగిపోయాడు. ఎంతో ప్రేమగా పెంచినా దారితప్పిన బిడ్డను తలచుకుని కుమిలిపోయే తల్లిదండ్రులు ఈ సంఘటనను మరచిపోరాదు. పిలవడం వారి బాధ్యత. హృదయాలను తిప్పేవాడు అల్లాహ్ ఒక్కడే. కానీ ప్రవక్త పిలుపు ఆఖరి అలదాకా ఆగలేదు. తనతో కలవమనే ఆ పిలుపు తెలుగులో ‘మనం’ అన్న మాటకు ఎంత దగ్గరగా ఉంది!

పాఠకులకు ఒక మనవి. ఇంగ్లీషు చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ ఎనిమిది పంక్తులను వాళ్ల చేతనే చదివించండి. అర నిమిషం పడుతుంది. నీతి చెప్పకండి. ఆ ఏడుగురూ ఎవరై ఉంటారని అడగండి. వాళ్లు తమను గురించి ఏమనుకుంటున్నారని అడగండి. చదువు రాని కుర్రవాడైతే, రాత్రి ఆలస్యంగా వచ్చినప్పుడు అన్నం వడ్డించి, ఎక్కడికి పోయావని కాక ఈరోజు ఎలా గడిచిందని అడిగి చూడండి. మొదటి రోజు జవాబు రాకపోవచ్చు. రెండో రోజూ రాకపోవచ్చు. అయినా ఆ పళ్లెం ముందు కూర్చుని ఎదురుచూడటం మానవద్దు. వీధి మలుపులో నిలబడిన పిల్లలు ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. వాళ్ల మాట వినడానికి మనకు ఇంకా వ్యవధి ఉంది.